ఇనుప నిచ్చెనల మీద బోనం

ముందే చెబుతున్నాను, నేను పుణ్యం కోసం వెళ్లలేదు. కోపంతో వెళ్లాను. మహారాష్ట్రలో అన్నిటికంటే ఎత్తైన కల్సుబాయి శిఖరం మీదికి, యాభై నాలుగేళ్ల వయసులో, నెత్తిన బోనం కుండ పెట్టుకుని వెళ్లి వచ్చాను. దారి ఎలా ఉంటుందో, గాలి ఎలా కొడుతుందో, అక్కడి మనుషులు ఏం తింటారో చెబుతాను. నా కోపం కూడా మధ్యమధ్యలో వస్తుంది. దాన్ని తీసేసి రాయడం నాకు చేతకాదు.

సిద్దిపేటలో సర్కారు బడిలో సాంఘికశాస్త్రం చెబుతాను. ఇరవై ఎనిమిదేళ్లుగా బోర్డు మీద పడమటి కనుమలు గీస్తున్నాను. సముద్రం నుంచి మబ్బులు ఇటు వస్తాయి, కొండకు తగులుతాయి, ఈ పక్క వాన, ఆ పక్క కరువు అని బాణం గుర్తులు పెట్టి చెప్పడమే గానీ, ఆ కొండ మొహం ఎన్నడూ చూడలేదు.

ఇక కోపం సంగతి. మా ఇంట్లో శ్రావణంలో పోచమ్మకు బోనం తీస్తాం. కాపురానికి వచ్చిన ఏడు నుంచి పెద్దకోడలిగా నేనే ఎత్తుతున్నాను. పోయినేడు మా ఆయన గుండెనొప్పితో పోయాడు. ఈ శ్రావణంలో ఎప్పటిలాగే పొద్దున్నే తలస్నానం చేసి, బెల్లమన్నం వండి, కొత్త కుండకు పసుపు రాసి, వేపకొమ్మలు కట్టి, ఎత్తుకోబోతుంటే మా మరిది శ్రీను అడ్డం వచ్చాడు.

"వదినా, నువ్వుండు. ఈసారి పద్మ ఎత్తుతది. నలుగురు ఏమన్న అనుకుంటరు."

పద్మ అతని భార్య, నా యారాలు. నా చేతుల్లోని కుండ ఆమె నెత్తి మీదికి వెళ్లిపోయింది. మా అత్తమ్మ గడప దగ్గర కూర్చుని అంతా చూసింది. ఆమె కూడా చిన్న వయసులోనే భర్త పోయిన మనిషి. వండింది నేను, అలంకరించింది నేను, గుడి దాకా ఒట్టి చేతులు ఊపుకుంటూ వెనక నడిచింది కూడా నేనే. నాకు ఒళ్లు మండిపోయింది. పోయింది ఆయన, శిక్ష నాకా?

బస్సులో, భివండిలో

మా చెల్లె అనసూయ పాతికేళ్ల నుంచి భివండిలో ఉంటుంది. ఆమె పెనిమిటి సాంచాలు నడుపుతాడు. పవర్‌లూమ్‌లను మావాళ్లు అలాగే అంటారు. జరిగింది ఫోన్లో చెబితే అది ఒక్క నిమిషం కూడా ఆలోచించలేదు.

"అక్కా, గీడ ఒక దేవత ఉన్నది. గిన్నెలు తోమమన్నరని అలిగి గుట్టెక్కి కూసున్నదట. అచ్చం నీ లెక్కనే. ఆమెకు పెడుదాం పా నీ బోనం."

దసరా పోయిన మూడో రోజు బస్సెక్కాను. బడి తెరవడానికి ఇంకా నాలుగైదు రోజులున్నాయి. కుండ పగులుతుందేమోనని సామాన్లలో వెయ్యకుండా బట్టలో చుట్టి ఒళ్లో పెట్టుకున్నాను. పక్క సీట్లో కూర్చున్న పెద్దావిడ నా నుదురు చూసింది, ఒళ్లో కుండ చూసింది, గొంతు తగ్గించి అడిగింది.

"గోదాట్ల కలుపనికి తీస్కపోతున్నవా అమ్మా?"

కుండలో మా ఆయన అస్థికలున్నాయనుకుంది! నాకు నవ్వొచ్చింది, ఏడుపూ వచ్చింది. "కాదమ్మా, ఇది వట్టి కుండ. గుట్ట మీద బోనం వండుత," అన్నాను. ఆమె సంచిలోంచి రెండు సకినాలు తీసి నా చేతిలో పెట్టింది.

భివండిలో అనసూయ వాళ్ల గల్లీలో తెలుగే వినిపిస్తుంది, వినిపిస్తే. సాంచాల చప్పుడుకి అందరూ అరుచుకుంటూనే మాట్లాడుకుంటారు. మొదట్లో ఇరుగుపొరుగు ఆడవాళ్లు కొట్లాడుకుంటున్నారనుకున్నాను, తీరా చూస్తే చింతపండు అడుగుతున్నారు. ఒకే గదిలో వంట, పడక, దేవుడి పటాలు, పైన అటక మీద ఇద్దరు పిల్లల చదువు. నేను తెచ్చిన సర్వపిండి పది నిమిషాల్లో అయిపోయింది. వేపకొమ్మలు మాత్రం ఆ గల్లీ చివర దర్జీ కొట్టు వెనకాల చెట్టు నుంచి తెంపుకొచ్చాం. పైన కొండల్లో వేప దొరుకుతుందో లేదోనని నా భయం.

కసారా దాటాక

లోకల్ రైల్లో వెళ్లి కసారాలో దిగేదాకా నేల బల్లపరుపు. అక్కడ జీపెక్కామో లేదో, ఎదురుగా గోడ లేచి నిలబడింది. నిజంగా గోడే. మా సిద్దిపేట గుట్టలు వేరు. మనవి గుండ్రటి బండలు, ఎవరో పేర్చి మరిచిపోయినట్టు ఒకదాని మీద ఒకటి ఉంటాయి, ఎర్రగా, ఎండకు కాలిపోయి. ఇవి నల్లరాళ్లు. అంతస్తులు అంతస్తులుగా, అడ్డంగా గీతలు గీసినట్టుంటాయి. ఒకప్పుడు భూమిలోంచి లావా పొరలు పొరలుగా పొంగి, పారి, గడ్డకట్టింది. ఒక పొర మీద ఇంకో పొర. దీన్నే పిల్లలకు దక్కన్ నాపలు అని చెబుతాను. పుస్తకంలో అది రెండు లైన్లు. జీపు కిటికీలోంచి తల బయటపెట్టినా పైఅంచు కనిపించలేదు.

జీపులో పద్నాలుగు మందిమి. కిరాయి తలకు డెబ్బై అన్నాడు డ్రైవరు. "మా అక్క కుండకు గూడ సీటిస్తవా?" అని అనసూయ మరాఠీలో అడిగితే అతను నవ్వి అరవైకి దిగాడు. ఇరవై ఐదేళ్లలో మా చెల్లె నేర్చుకున్న విద్య ఇది.

దారి పొడవునా కొండల మీద పసుపు పూలు. గడ్డి మీద ఎవరో పసుపు చల్లినట్టే ఉంది. వానాకాలం వెళ్లిపోతూ నెల రోజులు మాత్రం పూస్తాయట, తర్వాత కొండంతా ఎండిపోయి గోధుమరంగుకు తిరుగుతుంది. సరైన సమయానికి వచ్చామని జీపులో ఒకాయన అన్నాడు.

బారి, హీరాబాయి ఇల్లు

శిఖరం కింద ఉన్న ఊరి పేరు బారి. అక్కడ హీరాబాయి అనే ఆవిడ ఇంట్లో దిగాం. యాభై ఏళ్లుంటాయి, సన్నగా, నిటారుగా, కర్రలా ఉంటుంది. రోజూ కొండ మీదికి నీళ్లు, నిమ్మకాయలు మోసుకెళ్లి షర్బత్ అమ్ముతుంది. ఆమె మరాఠీలో చెప్పేది, అనసూయ మన భాషలోకి తిప్పేది. అందుకే ఆమె మాటలు నాకు సిద్దిపేట యాసలోనే గుర్తున్నాయి, అలాగే రాస్తాను.

రాత్రి భోజనం రాగి రొట్టె, శనగపిండితో చిక్కగా వండిన కూర, పచ్చిమిరపకాయ, వెల్లుల్లి దంచిన కారం. మన జొన్నరొట్టె చేత్తో తడితే చప్పుడు వస్తుంది, ఈ రాగిపిండి మాటవినదు, అరచేతిలో తడిపి తడిపి పరుస్తుంది ఆమె. కారం తింటే చెవుల్లోంచి పొగలొచ్చాయి. కారం విషయంలో తెలంగాణ వాళ్లను ఎవరూ ఓడించలేరనుకునేదాన్ని, ఆ గర్వం కాస్తా పోయింది.

తింటూ ఉండగా హీరాబాయి గుట్ట మీది దేవత కల్సు కథ చెప్పింది. కల్సు కోడలు కాదట, పనికి వచ్చిన పిల్ల. "ఏ పనైనా చేస్త గని గిన్నెలు తోమ, ఇల్లు ఊడ్వ అన్నది. సరే అన్నరు. కొన్నొద్దులకు మాట తప్పి ఒకలు గిన్నెలు తోమమన్నరు, ఇంకొకలు ఊడ్వమన్నరు. చేసింది. చేసి, చెయ్యి కడుక్కొని, గుట్టెక్కింది. మల్ల దిగలే."

"దిగలేదా?" అన్నాను.

"ఎందుకు దిగుతది?" అంది హీరాబాయి.

నేనెందుకు వచ్చానో అనసూయ చెప్పింది. హీరాబాయి రొట్టె తిప్పుతూ విన్నది. ఆమె భర్త కూడా ఇరవై ఆరేళ్ల కిందట పోయాడట. అదేదో కూరలో ఉప్పు తక్కువైందని చెప్పినట్టు చెప్పింది.

పొద్దున్నే ఆమె పొయ్యి మీదే బోనం వండాను. పైన ఆఖరి నిచ్చెన కింద బావి ఉంది, బియ్యం తీసుకుపోయి అక్కడే వండుకోవచ్చు కదా అని ఆమె చెప్పి చూసింది. నేను వినలేదు. మా పద్ధతి అది కాదు. బోనం ఇంటి గడప నుంచి నెత్తి మీద పోవాలి, దేవత ముందుకు చేరేదాకా కింద పెట్టకూడదు. "నిచ్చెనలున్నయి," అని మళ్లీ చెప్పింది. నేను కొమురవెల్లి గుట్టెక్కిన దాన్ని, మెట్లకు భయపడతానా అనుకున్నాను. ఇనుప నిచ్చెన అంటే మెట్లలాంటిదే అనుకోవడం నా తెలివి. ఇరవై ఎనిమిదేళ్లు భూగోళం చెప్పిన తెలివి!

మొదటి నిచ్చెన

కుండ కింద చుట్టబట్ట పెట్టుకుని, మూతి మీద ప్రమిద పెట్టి, దీపం వెలిగించకుండా బయల్దేరాను. ముందు హీరాబాయి, నెత్తిన నిమ్మకాయల గంప, వీపుకు కట్టుకున్న నీళ్ల డబ్బా. వెనక అనసూయ. దాని రబ్బరు చెప్పు పొలాల దగ్గరే తెగింది, కొంగు అంచు చింపి కట్టుకుంది.

గంటన్నర బాగానే నడిచాం. వరిమళ్లు, వాగు, తర్వాత నల్లరాతి మెట్లు. ఒక లావా పొర ఎక్కితే కాస్త చదును, మళ్లీ ఇంకో పొర. మెడ పట్టేసింది, అయినా దించలేదు. తర్వాత ఆ చదును ఆగిపోయింది. ఎదురుగా నిట్టనిలువు బండ, దానికి బిగించిన ఇనుప నిచ్చెన. రెండు చేతులూ పట్టుకుంటే తప్ప మనిషి ఎక్కలేడు. నా చేయి ఒకటి కుండ మీద ఉంది.

వెనక నుంచి పూణె పిల్లలు నలుగురు వచ్చారు. ఒకమ్మాయి ఫోను తీసి, "రీల్ చేస్తున్నారా ఆంటీ?" అని హిందీలో అడిగింది. నాకు తిక్క రేగింది. "నీ మొహం చేస్తున్న! ముందు నువ్వెక్కు," అన్నాను తెలుగులో. ఏం అర్థమైందో గానీ దండం పెట్టి ఎక్కి వెళ్లిపోయింది.

"అక్కా, దించు. ఎవరు చూస్తున్నరు?" అంది అనసూయ.

"నేను చూస్తున్న."

హీరాబాయి నా దగ్గరికి వచ్చి గడ్డం కింద వేలు పెట్టి తల కాస్త పైకి లేపింది. కుండ మీది చేయి తీసి నిచ్చెన మీద పెట్టింది. "కిందికి చూడకు, మీదికి చూడకు. ముక్కు ముంగట ఉన్న కమ్మి చూడు. మెడ కదిలితే కుండ పోతది. నడుము కదిలితే ఏం కాదు." ఇరవై ఎనిమిదేళ్లు బోనమెత్తిన మెడ ఇది, డప్పు చప్పుడుకి చేతులు వదిలి ఆడిన మెడ. ఎక్కాను. ఒక్కో కమ్మీ లెక్కపెట్టుకుంటూ, నోట్లో మరిది పేరు తిట్టుకుంటూ ఎక్కాను. రెండోదీ ఎక్కాను, మూడోదీ. కుండ కదల్లేదు.

దారిలో నిమ్మషర్బత్ కింద ఇరవై, రెండో నిచ్చెన దగ్గర ముప్పై, పైన నలభై. ఇదేం దోపిడీ అని ఒక కుర్రాడు గొణిగితే హీరాబాయి డబ్బా అతని చేతికిచ్చి, ఒక్క నిచ్చెన ఎక్కించు, నీకు ఊరికే ఇస్తానంది. అతను నలభై ఇచ్చి తాగాడు.

బావి దగ్గర

ఆఖరి నిచ్చెన కింద కొంచెం చదును, ఒక బావి. అంత ఎత్తులో నీళ్లు! రాతి పొరల మధ్య ఇంకిన వాన అక్కడ ఊరుతుంది. అక్కడే గాలి పట్టుకుంది మమ్మల్ని.

ఆ గాలి గురించి సరిగ్గా చెప్పాలి. పడమటి పక్కన కొండ తెగ్గోసినట్టు కిందికి పడిపోతుంది. సముద్రం వైపు నుంచి వచ్చే గాలికి ఎదురుగా అడ్డం ఏమీ లేదు, ఈ గోడ తప్ప. గోడకు కొట్టుకుని గాలి పైకి లేస్తుంది, దానితో పాటు మబ్బు కూడా. మబ్బు కింద నుంచి పైకి రావడం నా జన్మలో మొదటిసారి చూశాను. కళ్ల ముందు లోయ ఉంది, ఒక్క క్షణంలో తెల్లటి పొగ అయింది, ఇంకో క్షణంలో మళ్లీ లోయ. ఎండ ఉంది, అయినా పళ్లు టకటకలాడాయి. నా కొంగు ఎగిరి అనసూయ మొహానికి చుట్టుకుంది. కుండకు కట్టిన వేపకొమ్మ ఒకటి ఊడి పోయింది.

హీరాబాయి కూడా గంప దించింది. "గిప్పుడు నెత్తి మీద కుండతోని నువ్వెక్కలేవు. కింద పెట్టు, కొంచెం ఆగుదాం."

"కింద పెట్టను."

"మరి దిగిపో."

"దిగను."

అనసూయ ఏడుపు మొహం పెట్టింది. "పడితే ఎముకలు గూడ దొరకయి అక్కా! శ్రీను బావ ముంగట నేనేం చెప్పుకోవాలె?"

హీరాబాయికి నవ్వొచ్చింది. బావి గట్టు మీద కూర్చుని నన్ను కిందికీ పైకీ చూసింది. "మొగుడు లేనిది ఎత్తొద్దన్న మాట నువ్వు కొట్టేసినవ్. కింద పెట్టొద్దన్న మాట పట్టుకొని సావనికి తయారైనవ్. ఏందమ్మా నీ లెక్క?"

నాకు రోషం వచ్చింది. అయినా ఆలోచించాను, గాలికి ఊగుతూ, కుండ పట్టుకుని. కింద పెట్టొద్దన్నది మా అమ్మ నేర్పింది, నా చిన్నప్పుడు వేలు పట్టుకుని నడిపిస్తూ. అది అమ్మవారి మీద ప్రేమతో పెట్టుకున్న నియమం. ఎత్తొద్దన్నది నన్ను పక్కకు తొయ్యడానికి పెట్టినది. రెండూ ఒకటెలా అవుతాయి? అదే చెప్పాను. "నా బోనం. ఏది పట్టుకోవాల్నో ఏది ఇడువాల్నో నేను చెప్త."

అనసూయ తిప్పి చెప్పింది. హీరాబాయి లేచి కొంగు నడుముకు దోపింది.

"కింద పెట్టొద్దు, అంతే కదా? ఒకరి నెత్తి మీంచి ఇంకొకరి నెత్తి మీదికి పోవచ్చునా?"

పోవచ్చు. మా ఊళ్లో అలిసిపోతే అలాగే మార్చుకుంటాం. నాకు తట్టలేదు, అంతే.

"నేను రోజు గీ నిచ్చెన ఎక్కుత, నెత్తి మీద బరువుతోని. ఇరవై ఆరేండ్లాయె. మొయ్యేటప్పుడు నీకు మొగుడున్నడా లేడా అని ఒక్కడు గూడ అడగలే," అంది హీరాబాయి.

ఆమె తల నా తలకు ఆనించింది. ఇద్దరం కుండ పట్టుకుని మెల్లగా జరిపాం. నా నెత్తి తేలికైంది. ఆమె వెంటనే ఎక్కలేదు. నిచ్చెన పట్టుకుని, కళ్లు మూసుకుని నిలబడింది. గాలి కొట్టింది, ఆగింది. మళ్లీ కొట్టింది. ఇంకోసారి, ఈసారి గట్టిగా. అది తగ్గగానే చకచకా ఎక్కేసింది. గట్టి దెబ్బ తర్వాత గాలి ఊపిరి తీసుకుంటుందట, ఆ సందులో ఎక్కాలట. పవనాలు, పీడనం అని నేను పిల్లలకు చెప్పిన పాఠాల్లో ఈ ముక్క లేదు. తర్వాతి సందులో నేనెక్కాను. గంప నెత్తిన పెట్టుకుని, దేవుళ్లందరినీ పేరుపేరునా పిలుస్తూ అనసూయ కూడా వచ్చింది.

పైన

పదహారు వందల నలభై ఆరు మీటర్లు. మా డాబా మీద బట్టలు ఆరేసేంత జాగ, మధ్యలో చిన్న గుడి, లోపల నలుగురు పట్టరు. ఆ రోజు పూజారి రాలేదు. ఎత్తొచ్చా ఎత్తకూడదా అని అడగడానికి ఎవరూ లేరు, చెప్పడానికి కూడా ఎవరూ లేరు.

కుండ నా నెత్తి మీదికి తిరిగి వచ్చింది. గుడి చుట్టూ తిరిగాను. దీపం వెలిగిస్తే ఆరింది, మళ్లీ వెలిగిస్తే ఆరింది. మూడోసారి అనసూయ, హీరాబాయి కొంగులు చాపి చాటు పెట్టారు. పసుపునీళ్లు సాకగా గడప ముందు ధార పోసి, లోపలికి వంగి, కల్సు ముందు బోనం దించి, వెంట తెచ్చిన కొబ్బరికాయ కొట్టాను. రెండు నెలల కోపం ఒక్కసారిగా ఏడుపై వచ్చింది. దాచుకోలేదు, గట్టిగానే ఏడ్చాను. "తోమను అన్నవ్, వచ్చి కూసున్నవ్. నేనూ వచ్చిన," అన్నాను. ఏ మంత్రమూ గుర్తురాలేదు.

బెల్లమన్నం అక్కడున్న అందరికీ పెట్టాను. రీల్ పిల్ల రెండుసార్లు చెయ్యి చాపింది, పెట్టాను.

మబ్బు విడినప్పుడు చూడాలి ఆ పైనుంచి! పడమటంతా పచ్చగా, నీటితో మెరుస్తూ లోయలు. తూర్పుకి తిరిగితే కొద్ది దూరంలోనే పచ్చదనం పలచబడి, ఇంకా దూరాన మన నేలల్లాగే పాలిపోయి ఉంది. నా బోర్డు మీది బాణం గుర్తులు ప్రాణం పోసుకుని ఎదురుగా నిలబడ్డాయి. కింద భండార్‌దరా చెరువు. అందులోది ప్రవర నది, అది గోదావరిలో కలుస్తుంది. ఇక్కడ కురిసిన చుక్క ఎన్ని ఆనకట్టలు దాటితేనో మా జిల్లా చెరువుల్లోకి ఎత్తిపోసే గోదావరిని చేరుతుంది. అనసూయకి చెబితే, "అయితే మనం దిగేలోపు నీళ్లు సిద్దిపేటకు పోతయా?" అంది. దిగడం ఎక్కడం కంటే కష్టం. మోకాళ్లు రెండు రోజులు నా మాట వినలేదు.

సిద్దిపేట

బడి తెరిచే ముందురోజు ఇల్లు చేరాను. మా ఇల్లు రెండు భాగాలు. ముందు భాగంలో శ్రీను వాళ్లు, వాళ్లతో అత్తమ్మ. ఎక్కడికి వెళ్లానో అప్పటికే అందరికీ తెలుసు, అనసూయ పంపిన ఫోటోలు చుట్టాల ఫోన్లన్నీ తిరిగాయి. శ్రీను అరుగు మీద పేపరు చదువుతున్నాడు. నన్ను చూసి ఇంకా గట్టిగా చదవడం మొదలుపెట్టాడు.

లోపలికి వెళ్లి అత్తమ్మ చేతిలో కల్సు ప్రసాదం, కొబ్బరిముక్క పెట్టాను. తీసుకుంటుందో లేదో అనుకున్నాను. తీసుకుంది. ఉన్న నాలుగు పళ్లతో మెల్లగా నమిలింది.

"ఎన్ని నిచ్చెనలు?"

"నాలుగు అత్తమ్మా."

"గాలి కొట్టలేదా?"

"కొట్టింది. ఆగి ఎక్కిన."

మళ్లీ కాసేపు నమిలింది.

"మీ మామ పోయినప్పుడు నాకు ముప్పై ఒక్కేండ్లు. ఆ ఏడు బోనం నా చేతులకెళ్లి తీస్కున్నరు. పెట్టుకుంటవా, ఇడుస్తవా అని ఒక్కలన్న అడగలే బిడ్డా."

"నేనడుగుతున్న అత్తమ్మా. వచ్చే శ్రావణంల నేనైతే ఎత్తుత, ఎవరేమన్న అనుకోనీ. నువ్వెత్తుకుంటవా?"

అరుగు మీద పేపరు చప్పుడు ఆగిపోయింది. అత్తమ్మ కొబ్బరి మింగింది. కొడుకు కూర్చున్న వైపు తిరిగి, అతనికి వినపడేలా గొంతు పెంచింది.

"పెద్దది మొయ్యలేను. నాకు చిన్న కుండ తే."